నిండుగా వచ్చిన తిత్తి

రోహిడీ ఒంటరిగా ఇంటికొచ్చిందని చెప్పి కిందటివారం ఆపేశాను. అక్కడ ఆపినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళుంటారు. తిట్టండి. ఆ పొద్దున నా ఊపిరి కూడా అక్కడే ఆగింది. చెయ్యి ముందుకు కదల్లేదు.

ఒకసారి గుర్తు చేసుకుని కదులుతాను. మా మామ సావలాకు మతిమరుపు వచ్చింది. ముందురోజు వేకువన "కేసర్ గంట వినబడుతోంది, తోలుకొస్తా" అంటూ కర్ర పట్టుకుని పడమటి ఇసుకలోకి వెళ్ళిపోయాడు. కేసర్ మా మందకు ముందు నడిచే ఆడ ఒంటె. దాన్నీ, దాని వెనక మందనీ తోలుకుని మా ఆయన మేతకు దూరదేశం వెళ్ళి రెండు వానాకాలాలు దాటాయి. కబురు లేదు. గంట మోగుతున్నది ముసలాయన చెవుల్లోనే అనుకున్నాం అందరం. తాతను వెతకడానికి నా కూతురు ధాపూ పాలిచ్చే ఒంటె రోహిడీని ఎక్కి వెళ్ళింది. మధ్యాహ్నానికి ఇసుకతుఫాను లేచింది. రాత్రంతా ఇంటి తడిక పట్టుకుని కూర్చున్నాను. తెల్లారాక గాలి తగ్గింది. రోహిడీ వచ్చి, గుంజకు కట్టి ఉన్న తన పిల్లను నాకుతూ నిలబడింది. వీపు మీద ధాపూ లేదు. జీనుకు మేకతోలు నీళ్ళతిత్తి వేలాడుతోంది, నిండుగా.

నిండుగా! నీళ్ళు ఇక్కడుంటే నా బిడ్డ దగ్గర ఏమున్నట్టు?

కీడెంచి మేలెంచమంటారు పెద్దలు. నేను కీడెంచేసరికే పొద్దుగూకుతుంది, మేలెంచడానికి తీరిక దొరకదు. ఒంటె బెదిరింది, బిడ్డను కింద పడేసింది, నీళ్ళతో సహా పారిపోయి వచ్చింది. జ్యేష్ఠమాసపు ఎండలో, నీళ్ళు లేకుండా, నా ధాపూ ఎక్కడో ఇసుకలో బోర్లా పడి ఉంది. ఇదంతా కళ్ళముందు జరిగినట్టే కనిపించింది. గుండెలు బాదుకుంటూ కూలబడ్డాను.

మా అత్త ఝమ్కూ వచ్చింది. మగవాళ్ళంతా గొర్రెల వెంట పోయారు, మా గుడిసెల్లో మిగిలింది మేమే. ఆవిడ తిత్తి వంక చూడలేదు. నా వంక అసలే చూడలేదు. తిన్నగా వెళ్ళి రోహిడీ మెడ తడిమింది.

"అరవకే హంజూ. ఒంటె బెదిరితే పాలు దాచేస్తుంది."

"పాలా! నా బిడ్డ గొంతెండి పోతుంటే నీకు పాలు కావలసి వచ్చాయా అత్తా?"

"పోతే నువ్వు చెప్పక్కర్లేదు, రాబందులు చెబుతాయి. పైన తిరుగుతున్నాయా? లేదు కదా? లేచి ఇటు రా. ముక్కుతాడు చూడు."

చూశాను. తాడు మెడ చుట్టూ చక్కగా చుట్టి, కొస దోపి ఉంది.

"పారిపోయిన ఒంటె తాడు నేలమీద ఈడ్చుకుంటూ వస్తుంది. ముళ్ళకంపకు తగులుకుని సగం తెగుతుంది. ఇది పారిపోయిన ఒంటె కాదే, పంపిన ఒంటె. దారిలో ఎక్కడా చిక్కుకోకుండా మెడకు చుట్టి, పిల్ల దగ్గరికి పొమ్మని తట్టి పంపింది నీ కూతురు."

"మరి నీళ్ళెందుకు పంపింది? నీళ్ళు వదులుకుని..."

"నోరు తెరిచావు కదా, అలాగే తెరిచి ఉంచు." అత్త తిత్తి మూతి విప్పి నా నాలుక మీద ఇంత పోసింది.

ఉప్పగా ఉంది. నిన్న నేను నింపిన నీళ్ళు మా కుండంలో, అంటే నేలతొట్టిలో, దాచుకున్న వాననీళ్ళు, మట్టివాసనతో తియ్యగా ఉంటాయి. ఇవి ఖారీ బేరీ నీళ్ళు. పడమట, ఎండిన చెరువుగుంటలో ఉన్న ఊటబావి అది.

"తాతకు తాగించింది, తను తాగింది, మళ్ళీ నింపి కట్టింది," అంది అత్త. "ఎక్కడైనా చిక్కుబడితే ఒంటెను ఇంటికి పంపుతాం. నిండు తిత్తి కట్టి పంపితే, మా దగ్గర నీళ్ళున్నాయి, నిదానంగా రండి అని. ఖాళీ తిత్తి పంపితే పరుగెత్తుకు రండి అని. మా అత్త నాకు చెప్పింది, నేను ధాపూకు చెప్పాను. నీకు చెప్పబోతే చెవులు మూసుకున్నావు, అలాంటి రోజు రానేకూడదని."

నిజమే. చెడ్డ మాట వింటే చెడు జరుగుతుందని నా భయం. ధాపూ అంటే మా భాషలో 'ఇక చాలు'. ఆడపిల్లలు చాలమ్మా అని అమ్మవారికి చెప్పుకోవడానికి అత్త పెట్టిన పేరు. తీరా చూస్తే ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు, చాలన్న పిల్ల ఒక్కతే మిగిలింది. దాన్ని ఎండలోకి పంపాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం పోయినంత పనవుతుంది.

తిత్తి గుండెకు హత్తుకున్నాను. చల్లగా తగిలింది. నేను ఇక్కడ ఇలా కూలబడతానని దానికి తెలుసు. తెలిసే పంపింది.

"మరి తనెందుకు రాలేదు?"

"మీ మామకు ఏదో అయింది. ఒక్కతే ఎత్తి ఎక్కించలేకపోయింది. అంతకంటే ఏమీ ఉండదు," అంది అత్త. ఆ 'అంతకంటే' అన్నప్పుడు మాత్రం ఆవిడ పడమటివైపు చూసింది.

బయలుదేరడానికి రోహిడీ ఒప్పుకోలేదు. తాడు ఎంత లాగినా పిల్లవైపే తిరుగుతుంది. "దాన్ని లాగకు. పిల్లను విప్పు," అంది అత్త. విప్పి ముందు నడిపిస్తే తల్లి దానంతట అది వెనకాల వచ్చింది. తుఫాను పాత గుర్తులన్నీ తుడిచేసింది, కానీ రోహిడీ గాలి తగ్గాకే వచ్చింది కాబట్టి దాని అడుగులు ఇసుకలో రొట్టె మీద వేళ్ళ ముద్రల్లా స్పష్టంగా ఉన్నాయి. వాటినే వెనక్కి చదువుకుంటూ నడిచాం. నేనూ, ముసలావిడా, ఒక తల్లి ఒంటే, దాని పిల్లా.

ఎండ ముదిరేకొద్దీ నా నడక పరుగైంది. గాలి తగులుతుందని ముసుగు వెనక్కి తోసి చేతులు బయటపెట్టాను.

"కప్పుకో," అంది అత్త. "చర్మం మీద చెమట ఉండనీ. ఎండకు ఇస్తే అది తాగేస్తుంది."

రొట్టె తీసి కొరకబోతే అదీ లాక్కుంది. "నీళ్ళు చాలినన్ని ఉంటేనే తిండి. ఎండు రొట్టె కడుపులోకి పోయి నీళ్ళు అడుగుతుంది."

"నీళ్ళు కూడా వద్దంటావేమో!"

"తాగు. దాహమైనప్పుడు తాగు. దాచుకున్న నీళ్ళు పక్కన పెట్టుకుని పోయినవాళ్ళను చూశాను నేను. నీళ్ళు తిత్తిలో కాదు, ఒంట్లో ఉండాలి."

సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఒంటరి జమ్మిచెట్టు ఒకటి కనిపించింది. అత్త దాని కింద చతికిలబడింది.

"ఇక పొద్దు వాలాకే."

"ఇప్పుడా! ఇంకెంత దూరముంది అత్తా, కొంచెం ఓర్చుకుంటే..."

"ఈ వేళ ఓర్చుకున్నవాళ్ళు మళ్ళీ లేవలేదు. కూర్చో."

కూర్చోలేకపోయాను. పడమటి దిక్కున నేల నీళ్ళలా మెరుస్తోంది. ఎండమావి అని తెలుసు. కానీ ఆ మెరుపు మధ్యలో ఎర్రగా ఏదో ఊగుతోంది. ధాపూ ఓణీ ఎరుపే. లేచి పరుగు తీశాను. అత్త నా పావడా అంచు పట్టుకుని లాగింది. ఆ ముసలి చేతుల్లో అంత బలం ఉంటుందని అనుకోలేదు. ఇసుకలో పడ్డాను.

"అదిగో, ఓణీ! కనబడటం లేదా నీకు?"

"నాకూ కనబడుతోంది. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఈ వేళకు అక్కడ ఏదో ఒకటి కనబడుతూనే ఉంది. ఒక్కో రోజు ఒక్కో రంగు."

ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా అనని మాట అనేశాను. "నీకేం! మతిలేని మొగుడిని కట్టేసుకోలేకపోయావు, వాడి వెనక నా బిడ్డను తోలావు! నీ గుండె రాయి. బిడ్డ కోసం తల్లి పడే బాధ నీకేం తెలుస్తుంది?"

రోహిడీ పిల్ల తల్లి పొదుగు కుమ్ముతోంది. అత్త దాని వైపు తిరిగింది. తర్వాత, ఎవరికో చెబుతున్నట్టుగా అంది.

"నీ బిడ్డ వెళ్ళింది నిన్న. నా బిడ్డ వెళ్ళి రెండు వానాకాలాలైంది."

మా ఆయన నాకు భర్త. ఆవిడకు కొడుకు. ఇన్ని నెలలూ ఆయన కోసం ఏడ్చే హక్కు నాకొక్కదానికే ఉన్నట్టు ఏడ్చాను. ఆవిడ ఒక్కసారీ ఏడవలేదని లోలోపల తిట్టుకున్నాను కూడా.

అత్త చేత్తో నీడలోని ఇసుక తోడసాగింది. పైన వేడి, మోచేయంత లోతున చల్లదనం. తోడి, నా పాదాలు పట్టుకుని ఆ గుంటలో పెట్టి, చల్లటి ఇసుక కప్పింది, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు.

"నీ మొగుడు, నా రూపా, చిన్నప్పుడు ఇలా పెడితేనే నిద్రపోయేవాడు," అంది. "పడుకో. నేను మేలుకుని ఉంటా."

నేను ఆవిడ మోకాలి మీద తల పెట్టుకున్నాను. అత్తాకోడళ్ళం, అంత దగ్గరగా అదే మొదటిసారి. ఆవిడ ఒంటికి పొగవాసన, పాలవాసన. కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచేసరికి పడమటి ఎరుపు మాయమైంది.

పొద్దు వాలాక నడిచి ఖారీ బేరీ చేరాం. బావి మీది చెక్కమూత కనబడగానే నా కళ్ళు ఓణీ కోసం వెతికాయి. కనిపించింది. ఆకుల్లేని కేర్ పొదకు ఉత్తరపు వైపున, నాలుగు కొమ్మల మీద పందిరిలా పరిచి ఉంది. కింద ఇసుక తోడి చేసిన గుంట, అందులో మా మామ పడుకుని ఉన్నాడు. చీలమండకు జిల్లేడు ఆకులు వేసి కట్టు. పక్కన నీళ్ళచెంబు, దాని మీద మూతగా మరో ఆకు. బావి గట్టున ఆయన తలపాగా పొడవునా విప్పి, తడిగా ఆరేసి ఉంది. దాన్నే తాడు చేసి చెంబుతో నీళ్ళు తోడినట్టుంది.

అన్నీ ఉన్నాయి. ధాపూ లేదు.

అత్త బావి దగ్గర ఒంటెలకు నీళ్ళు తోడుతోంది. మామ దగ్గర నేనొక్కదాన్నే. ఒంటెలు కాసే మా రాయికా ఇళ్ళల్లో కోడలు మామ ముందు ముసుగు తియ్యదు, గొంతు విప్పదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నేను ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన నా ముఖం చూడలేదు. ఏం కావాలన్నా పిల్లచేత అడిగించేదాన్ని. ఇప్పుడు అడగడానికి ఆ పిల్లే లేదు.

ముసుగు తీసేశాను.

"మామా, నా బిడ్డ ఏది?"

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు?"

ఏం చెప్పను? ముఖం తెలియదు, గొంతు తెలియదు. పేరు చెప్పినా మర్చిపోతాడు. ఏడుపు ఆగక రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన చూపు నా ముఖం మీంచి నేల మీదికి దిగింది. ఇసుకలో నా అడుగును వేళ్ళతో మెల్లగా తడిమాడు.

"ఇదా! కుడిమడమ లోపలికి తొక్కుతుంది. వేకువనే కుండం దాకా పోయి వస్తుంది, నిండుచూలుతో ఉన్నప్పుడు కూడా మానలేదు. మా రూపా పెళ్ళాం అడుగు ఇది." ఒక్కసారిగా ముఖం వెలిగింది. "ఏమ్మా, ఇంత దూరం నడిచొచ్చావా? ఎండదెబ్బ తగల్లేదు కదా?"

కొడుకు ఎప్పుడు వెళ్ళాడో గుర్తులేని మనిషి, ఇన్నేళ్ళుగా ముసుగు కింద తిరిగిన నన్ను పాదాలతో గుర్తుపెట్టుకున్నాడు. వంగి ఆ కాళ్ళు తాకాను.

"ధాపూ ఎక్కడ మామా?"

"గంట దగ్గరికి పోయింది," అన్నాడు పడమటివైపు చూపించి. "నేను చెబితే మీరెవరూ నమ్మలేదు. పిల్ల నమ్మింది. దాని చెవులు నావి."

ఇసుకతిన్నె వైపు ధాపూ అడుగులు ఒంటరిగా పోతున్నాయి. ఓణీ తాతకు నీడైంది. చెంబు తాతకు నీళ్ళైంది. తిత్తి నాకు ధైర్యమైంది. తన దగ్గర ఏమీ మిగల్లేదు.

"అత్తా!" అని అరిచాను.

"విన్నాను. తిత్తి పట్టుకుని పో. గాలి కొట్టే వైపు నుంచి ఎక్కు, అటు ఇసుక గట్టిగా ఉంటుంది. వెనకవైపు ఎక్కావంటే మోకాళ్ళ దాకా దిగిపోతావు." తర్వాత, ఎప్పుడూ లేనిది, "జాగ్రత్త తల్లీ," అంది.

తిన్నె సగం ఎక్కేసరికి వినిపించింది. ఠంగుమని కాదు, పగిలిన కుండను తట్టినట్టు 'ఠక్కు'మని. ఆగి విన్నాను. కేసర్ గంటకు అంచున పగులు ఉంది. మారుద్దామంటే మా ఆయన ఒప్పుకోలేదు, ఈ మోత ఇంకే మందలోనూ ఉండదని. ఆ గంటను ఎర్రదారంతో కట్టింది నేనే.

తాగాలని తిత్తి ఎత్తి, తాగలేక దించాను. పైదాకా పాకాను.

అవతలి పల్లంలో చిక్కిపోయిన ఒంటె ఒకటి నిలబడి ఉంది. దాని మెడకు ఆనుకుని, నెత్తిన ఓణీ లేకుండా, జుట్టంతా ఇసుకతో నా ధాపూ.

ఎలా దిగానో తెలియదు. జారానో, దొర్లానో. దాన్ని పట్టుకున్నాను. తల, చేతులు, వీపు అన్నీ తడిమాను. పెదాలు చిట్లాయి, అంతే. చెంప మీద ఒకటి వేశాను, ఆ చేత్తోనే తిత్తి నోటికి అందించాను.

"బుద్ధుందా నీకు! ఒక్క చుక్క లేకుండా ఇంత దూరం వస్తావా! ఎండకు పడిపోతే? పాము కరిస్తే? దారి తప్పితే?"

అది గటగటా తాగి, మూతి తుడుచుకుని నవ్వింది. "దారి ఎలా తప్పుతానమ్మా, తిన్నె ఎక్కితే బావి కనబడుతుంది కదా. పొద్దు వాలాకే కదిలాను. తిత్తి అందిందా?"

"అందింది."

"నిండుగానే చేరిందా? కారలేదు కదా?"

"నిండుగానే చేరింది."

"నువ్వు భయపడకుండా ఉండాలనే, మూతి రెండుసార్లు బిగించాను."

ఇక నా వల్ల కాలేదు. దాని భుజం మీద తల పెట్టి ఏడ్చాను. అది నా వీపు నిమిరింది, తల్లి నేనో అదో తెలియనట్టు.

"అమ్మా, చాలు. ఇటు చూడు." దాని గొంతులో నవ్వు లేదు ఇప్పుడు. "పాలుతాగే పిల్ల ఉన్న ఒంటె ఇంటికి పోతుంది. పిల్ల లేని ఒంటె పుట్టినచోటి నీళ్ళకు వస్తుంది. కేసర్ ఈ బావి కోసమే వచ్చింది, తుఫాను పక్కకు తోసినట్టుంది. తప్పిపోయి వచ్చిందనుకున్నా. కానీ ముక్కుతాడు చూడు."

కేసర్ ముక్కుతాడు నేలమీదికి వేలాడటం లేదు. మెడ చుట్టూ చుట్టి, కొస దోపి ఉంది. ఎడమచేతివాటం ముడి. మా ఇంట్లో ఎడమచేత్తో ముడి వేసేది ఒక్కరే.

"డొక్క చూడు," అంది ధాపూ. "చిక్కింది గానీ ఎండిపోలేదు. ఎక్కడో నీళ్ళు తాగి ఎక్కువ రోజులు కాలేదమ్మా. నాన్న దీన్ని పంపింది దూరం నుంచి కాదు."

జీను వెనకవైపు ఏదో వేలాడుతోంది. అది మా ఆయన తిత్తి అని నాకు దూరం నుంచే తెలుసు, తోలు కుట్టింది నేనే. ధాపూ దాన్ని విప్పి నా చేతుల్లో పెట్టింది.

బరువు లేదు. మూతి విప్పి బోర్లించాను. గుప్పెడు ఇసుక రాలింది.